హోల్‌సేల్ షాపుకి సాఫ్ట్‌వేర్ కొనేముందు ప్లానింగ్ ఎలా చేసుకోవాలి?

అందరికీ నమస్తే అండి. మాది విజయవాడలో మందుల హోల్‌సేల్, నాన్న బాబాయ్ పార్ట్‌నర్స్, స్టాఫ్ పది మంది దాకా ఉంటారు. టర్నోవర్ 5 కోట్లు దాటినోళ్ళకి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్ (బిల్లుని జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చెయ్యడం) కంపల్సరీ కదా, అదైతే ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో నడిచిపోతోంది, కానీ స్టాక్ ఇంకో సాఫ్ట్‌వేర్‌లో, బాకీలు గుమస్తా గారి నోటుబుక్కులో, ఆర్డర్లేమో వాట్సాప్‌లో, ఏదీ దేనితోనూ కలవదు. మొన్న చూస్తే ఒకే పారాసిటమాల్ 650 మూడు పేర్లతో ఎంట్రీ అయ్యుంది, ఒకదాంట్లో స్టాక్ మైనస్ చూపిస్తోంది, ఇంకోదాని బ్యాచ్ వెనక ర్యాక్‌లో ఉండిపోయి ఎక్స్‌పైరీ రిటర్న్ గడువు (కంపెనీకి వాపసు పంపే టైం) కూడా దాటిపోయింది.

నాన్నేమో ఏదో ఒకటి కొనెయ్యరా అంటున్నారు. డెమోకి వచ్చినోళ్ళందరూ "అన్నీ అయిపోతాయండి" అనేవాళ్ళే, మా పని ఎలా జరుగుతుందో అడిగినోడు ఒక్కడూ లేడు. ఐటమ్ మాస్టర్ (సాఫ్ట్‌వేర్‌లో ఉండే మందుల పేర్ల లిస్టు) క్లీన్ చెయ్యకుండా ఎంత ఖరీదైంది పెట్టినా అదే చెత్త అందులోకి వెళ్తుందని నా ఉద్దేశం.

చిన్న బిజినెస్‌లో ఇది చేసి సక్సెస్ అయినవాళ్ళు కాస్త చెప్పండి. గుమస్తాల్ని, గోడౌన్ కుర్రాళ్ళని మొదట్నుంచీ కూర్చోబెట్టి మాట్లాడారా? (మా గుమస్తా గారికి ఉద్యోగం పోతుందేమోనని లోపల భయం, పైకి చెప్పరు.) ఓనర్లు రోజూ టైం ఇవ్వకుండా సూపర్‌వైజర్‌కి వదిలేస్తే పనవుతుందా? బయట కన్సల్టెంట్ కావాలా, సీఏ గారి సలహా సరిపోతుందా? కొత్త లెక్కల సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్‌లో అన్నీ ఒకేసారి మార్చాలా, ముందు స్టాక్ ఒక్కటే పెట్టి చూడాలా? తర్వాత సపోర్ట్, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) విషయంలో అగ్రిమెంట్‌లో ఏం రాయించుకున్నారో కూడా చెప్తే చాలా హెల్ప్ అవుతుంది.