'కట్టారా' అని అడిగితే 'కట్టరా' అని చదివారు: అపార్ట్‌మెంటు గ్రూపులో గొడవలు ఆపడం ఎట్ల?

కరకంబాడిరోడ్డు_ట్రెజరర్ (ప్రశ్న)

నమస్తే అండీ. తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు మాది, వాట్సాప్ గ్రూపులో 171 మంది. మెయింటెనెన్స్ 2,500. రెండో అంతస్తు పెద్దాయనకు గ్రూపులోనే 'మే నెల మెయింటెనెన్స్ కట్టారా' అని ఇంగ్లీషు అక్షరాల్లో నా మెసేజ్ వెళ్లింది. ఆయన దాన్ని 'కట్టరా' అని చదువుకున్నారు. 'నన్ను రా అంటారా' అని ఒక్క వాక్యం పెట్టి గ్రూపులోంచి వెళ్లిపోయారు. వెనకే ఇంకో ముగ్గురు. ఇప్పుడు కట్టినవాళ్లు ఒక జట్టు, పెద్దాయన వైపు వాళ్లు ఇంకో జట్టు.

రూల్స్ రాసి పెడదామంటే ఏమేం రాయాలి? అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా తాళం వేస్తే మేలా? ఆయన్ని మళ్లీ ఎలా తీసుకురావాలి?

దీర్ఘం_ఇవ్వండి

ఇక్కడ తప్పు మనిషిది కాదు, దీర్ఘానిది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే 'కట్టారా' అని మర్యాదగా అడగడం, 'కట్టరా' అని ఏకవచనంలో ఆజ్ఞాపించడం, 'మీరు అసలు కట్టరా?' అని నిలదీయడం, మూడింటికీ ఒకటే స్పెల్లింగు. చదివే మనిషి ఏ మూడ్‌లో ఉంటే ఆ అర్థమే కనబడుతుంది. పైగా పెద్దవాళ్లకు ముందు తట్టేది 'రా'నే. పంపారా-పంపరా, చెప్పారా-చెప్పరా, ఆపారా-ఆపరా, పెట్టారా-పెట్టరా కూడా ఇదే కోవ. అపార్ట్‌మెంటు గ్రూపులో రోజూ వాడేవి సరిగ్గా ఈ క్రియలే కావడం మన ఖర్మ.

దీనికి మందు సులువు. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయక తప్పకపోతే చివర 'అండి' తగిలించండి. 'కట్టారా అండి'ని ఎవరూ 'రా' అని చదవలేరు. ఇంకా మంచిది, ప్రశ్న మానేసి వాక్యమే మార్చడం: 'మీ ఫ్లాటు మే నెల చెల్లింపు నాకు కనబడలేదండి, ఒకసారి చూసి చెప్పండి.' ఇందులో తప్పు కట్టనివాళ్లది అన్నట్టు ఉండదు, లెక్క చూసేవాళ్లకు కనబడలేదన్నట్టు ఉంటుంది. తెలుగులో టైప్ చేసే అలవాటు లేకపోతే జీబోర్డులో (గూగుల్ కీబోర్డు) తెలుగు భాష చేర్చుకుని, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే అమరిక ఎంచుకోండి. అయితే అదిచ్చే మొదటి సూచననే కళ్లు మూసుకుని నొక్కొద్దు, దీర్ఘం ఎగిరిపోయేది అక్కడే. నోటితో చెప్పి టైప్ చేయిస్తే ప్రశ్నార్థకం పడిందో లేదో చూసుకోండి. 'వచ్చారు'కీ 'వచ్చారా'కీ తేడా మాట్లాడేటప్పుడు గొంతులో తెలుస్తుంది, తెరమీద తెలియదు.

దండం బొమ్మ ఇంకో తలనొప్పి. నమస్కారానికీ అదే, థాంక్సుకూ అదే, క్షమించమనడానికీ అదే, 'నీకో దండం, ఇక ఆపు' అనడానికీ అదే. లిఫ్టు గురించి ఎవరైనా పది లైన్ల ఫిర్యాదు రాస్తే కింద సెక్రటరీ ఉత్త దండం పెట్టకూడదు. బొటనవేలు బొమ్మ ఇంకా ఘోరం, 'సరేలే పో' అన్నట్టుంటుంది. 'చూశాను, మెకానిక్కు రేపు 10 గంటలకు వస్తాడు' అని రాస్తే ఆ చర్చ అక్కడే ఆగుతుంది.

మన చిత్తూరు వైపు 'ఏమబ్బా', 'ఏమప్పా' అంటే చనువు. కోస్తా నుంచి వచ్చి అద్దెకున్నవాళ్లకు అది చులకనలా వినబడుతుంది. ఎదురుపడితే అనుకోండి, గ్రూపులో మాత్రం 'గారు'తోనే సరిపెట్టుకుంటే మంచిది.

మూడో_అంతస్తు

డబ్బు సంగతి పేరుపెట్టి గ్రూపులో అడగడమే అసలు పొరపాటు, దీర్ఘం తర్వాత. ఒకటో తేదీన అందరికీ ఒకే నోటీసు పెట్టండి: మొత్తం, గడువు, ఖాతా వివరం. ఏడో తేదీన పేర్లు లేకుండా ఒక రిమైండర్. పదో తేదీ దాటాక మిగిలినవాళ్లకు విడివిడిగా మెసేజ్, దానికీ కదలకపోతే ఫోను. 'కట్టినవాళ్ల జాబితానే కదా పెడుతున్నాం' అని కొందరు కమిటీవాళ్లు తెలివిగా అనుకుంటారు. 96లోంచి తీసివేత అందరికీ వచ్చు. ఆ వివరాలు సర్వసభ్య సమావేశం లెక్కల్లో ఉంటే చాలు.

చెల్లింపు స్క్రీన్‌షాట్లు కూడా గ్రూపులో వేయనివ్వకండి. నెల మొదటి వారంలో డెబ్బై స్క్రీన్‌షాట్లు పడితే నీళ్ల ట్యాంకరు నోటీసు వాటి కింద మునిగిపోతుంది. పైగా వాటిలో పేరు, బ్యాంకు, యూపీఐ ఐడీ కనబడతాయి. ట్రెజరరు నంబరుకే ఒక్క లైను పంపమనండి, ఈ వరసలో:

'బి-204, మే, 2500, యూటీఆర్ 12 అంకెలు.'

ఇంత చాలు. యూటీఆర్ అంటే ఆ చెల్లింపుకు వచ్చే లావాదేవీ నంబరు. బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడటానికి కావాల్సింది ఆ 12 అంకెలే, రంగుల స్క్రీన్‌షాట్ కాదు.

'చదివి కూడా జవాబివ్వలేదు' అనే గొడవ కూడా ఉంటుంది. గ్రూపులో నీలం టిక్కులు అందరూ తెరిచాకే పడతాయి. ఎవరు తెరిచారో మెసేజ్ ఇన్ఫోలో చూడొచ్చు, బ్లూ టిక్కులు ఆపుకున్నవాళ్ల పేరు కూడా గ్రూపులో దాగదు. కానీ తెరవడం వేరు, చదవడం వేరు. నూట ఎనభై మెసేజ్‌లు ఒకేసారి పైకి తోసేసినా నీలమే. ఆ జాబితా చూపించి ఎవరినీ నిలదీయకండి.

పుంగనూరు_పొట్టిఆవు

తాళం ఏసేస్తే అయిపోతాదని అనుకోవద్దండి. తాళం ఏసిన మర్నాడే ఇంకో గ్రూపు పుడతాది. దాంట్లో కమిటీవోళ్లు ఉండరు, అంతే తేడా. తిట్లు మాత్రం అవే.

ఎయిర్‌బైపాస్_అడ్మిన్

పొట్టిఆవు చెప్పింది నిజం, కానీ సగం. తాళం ఉన్న గ్రూపొకటి, లేని గ్రూపొకటి, రెండూ ఉంటేనే పని జరుగుతుంది. ప్రకటనల గ్రూపులో నీళ్లు, కరెంటు, లిఫ్టు, సమావేశం, డబ్బు నోటీసు మాత్రమే రావాలి. గ్రూప్ పర్మిషన్స్‌లోకి వెళ్లి 'సెండ్ న్యూ మెసేజెస్' ఆపేస్తే అడ్మిన్లు మాత్రమే రాయగలరు. ముచ్చట్ల గ్రూపు తెరిచే ఉంచండి, చేరడం ఎవరి ఇష్టం వాళ్లది. రెండింటినీ వాట్సాప్‌లో ఒక కమ్యూనిటీ (కొన్ని గ్రూపులను కలిపి ఉంచే అమరిక) కింద పెడితే ఇంకో లాభం ఉంది: ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు పక్కవాళ్లకు కనబడవు, అడ్మిన్లకూ, ఆ నంబరు ముందే సేవ్ చేసుకున్నవాళ్లకూ తప్ప. గ్రూపులో నంబరు చూసి ఆడవాళ్లకు రాత్రి పదకొండింటికి 'తిన్నారా' అని విడిగా మెసేజ్ పెట్టేవాళ్లు ప్రతి కాలనీలో ఒకడైనా ఉంటాడు. వాడికి రూల్స్ చదివి వినిపించాల్సిన పని లేదు. ఫిర్యాదు నిజమని తేలితే తీసేయడమే, కారణం గ్రూపులో రాయకుండా.

రూల్స్ డిస్క్రిప్షన్‌లో పెట్టండి. 2,048 అక్షరాలు పడతాయి కదా అని నింపొద్దు. ఐదు లైన్లు దాటితే ఎవరూ చదవరు. మీకు కావాల్సినవి ఇవి: ఇది ఫలానా అపార్ట్‌మెంటు పనుల గ్రూపు, డబ్బు సంగతి ట్రెజరరుతో విడిగా, ఫిర్యాదులో ఫ్లాటు నంబరు, ఏం పాడైంది, ఎప్పటినుంచి అని రాయాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అత్యవసరం తప్ప వద్దు, రాజకీయాలు, కులం, అమ్మకాలు వద్దు. 'మర్యాదగా ఉండాలి' అని మాత్రం రాయకండి. తను అమర్యాదగా ఉన్నానని ఏ మనిషీ అనుకోడు, కాబట్టి ఆ లైను ఎవరికీ వర్తించదు.

ఫిర్యాదు ఎట్ల ఉండాలో ఒక నమూనా పిన్ చేసి పెట్టండి. '30 రోజులు' ఎంచుకుంటే నెలంతా పైన కనబడుతుంది. 'నీళ్లు రావట్లేదు, కమిటీ నిద్రపోతోందా' అంటే జవాబు కూడా అదే గొంతులో వస్తుంది. 'ఎ-301, వంటింట్లో మాత్రమే, ఉదయం 6 నుంచి' అంటే ప్లంబరు ఏ వాల్వు చూడాలో అందులోనే ఉంది.

తప్పు మెసేజ్ వెళ్లిపోతే: 15 నిమిషాల్లోపు అయితే ఎడిట్ చేయండి. పక్కన ఎడిట్ చేసినట్టు గుర్తు పడుతుంది, పర్వాలేదు. సుమారు రెండున్నర రోజుల వరకు అందరికీ కనబడకుండా తొలగించవచ్చు. కానీ తొలగించినట్టు ఒక గుర్తు మిగులుతుంది, దాంతో 'ఏం రాశాడు, ఏం రాశాడు' అని చదవనివాళ్లు కూడా వాకబు చేస్తారు. వేరేవాళ్ల మెసేజ్‌ను అడ్మిన్ తొలగిస్తే ఆ అడ్మిన్ పేరు అందరికీ కనబడుతుంది. అందుకే ముందు రాసినవాళ్లకు ఫోన్ చేసి వాళ్లచేతే తీయించండి. రెండు నిమిషాల పని, రెండు నెలల పగ తప్పుతుంది.

చావు కబురు విషయంలో ఒక్కమాట. చనిపోయినవారి పేరు, ఫ్లాటు, పార్థివదేహం ఎక్కడుంది, అంత్యక్రియల సమయం, సంప్రదించాల్సిన ఒక్క నంబరు, ఇవి పెట్టి సాయంత్రం వరకు గ్రూపుకు తాళం వేయండి. లేకపోతే నూరు 'ఓం శాంతి'ల మధ్య అంత్యక్రియల సమయం దొరకదు, పైగా మధ్యలో ఎవరో చూసుకోకుండా పుట్టినరోజు కేకు బొమ్మ పెడతారు.

కరకంబాడిరోడ్డు_ట్రెజరర్

చాలా ఉపయోగంగా ఉంది. ఇంకో రెండు అడగాలి. ఫార్వర్డ్‌లూ, దర్శనం టికెట్ల మెసేజ్‌లూ ఆగట్లేదు. గ్రూపులో ఎవరేం పెట్టినా కేసు అడ్మిన్ మీదే అని ఒకాయన భయపెడుతున్నారు, అది నిజమా?

కపిలతీర్థం_వీధి

ముందు కేసు సంగతి. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మిన్ కూడా అందులో చేయి కలిపితే సంగతి వేరు. భయంతో తాళం వేయాల్సిన అవసరం లేదు, చూసీ చూడనట్టు వదిలేయడమూ తగదు.

ఫార్వర్డ్‌లకు: రెండు బాణాల గుర్తుతో 'ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్' అని ఉంటే అది ఐదు లేదా అంతకన్నా ఎక్కువ చేతులు మారి వచ్చిందని అర్థం. రెండు బాణాలున్నది ప్రకటనల గ్రూపులోకి రాకూడదని ఒక్క రూలు పెట్టండి. నిజమా అబద్ధమా అనే వాదనే ఉండదు, గుర్తు ఉందా లేదా అంతే. తిరుపతిలో తిరిగేవి ఎక్కువగా ఒకే రకం. వాన పట్టగానే 2021 నవంబరు వరద వీడియోలు, రాయలచెరువు కట్ట తెగుతోందనే ఆనాటి ఆడియోలు మళ్లీ వస్తుంటాయి. చిరుత వీడియోలూ అంతే. యూనివర్సిటీ, అలిపిరి వైపు చిరుతలు తిరగడం నిజమే కాబట్టి ఏ ఊరి చిరుత వీడియో అయినా ఇక్కడిదే అని నమ్మేస్తారు. 'ఏ చోటు, ఏ తేదీ, మీరే చూశారా' అని మూడు ముక్కలు అడగండి, అదీ పెట్టినవారికి విడిగా. అందరి ముందు 'ఇది ఫేక్' అంటే ఆయన తన మెసేజ్‌ను కాక తన పరువును కాపాడుకోవడం మొదలుపెడతారు.

దర్శనం టికెట్లు: 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు మీద పేరు ఉంటుంది, గుర్తింపు కార్డు చూస్తారు, ఇంకొకరికి మార్చడం కుదరదు. కాబట్టి 'నాలుగు టికెట్లు మిగిలాయి, కావాలంటే చెప్పండి' అన్న మెసేజ్ తెలియనితనమైనా కావాలి, మోసమైనా కావాలి. రెండింటికీ తొలగించడమే. ఇంకొకటి, అపార్ట్‌మెంటులో టీటీడీ ఉద్యోగి ఉంటే ఆయన్ని గ్రూపులో ట్యాగ్ చేసి 'సార్, మా బావమరిది వాళ్లు వస్తున్నారు' అనకండి. 171 మంది ముందు ఆ మనిషి 'కుదరదు' అనలేడు, 'సరే' అంటే రేపటి నుంచి క్యూ కడతారు. విడిగా అడిగితే కాదనే వీలు ఆయనకు ఉంటుంది. ఆధార్ కాపీలు గ్రూపులో వేసేవాళ్లకు కూడా చెప్పండి. ఇవ్వక తప్పని చోట చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు, అదీ ఆ ఒక్కరికే.

దీర్ఘం_ఇవ్వండి

పెద్దాయన విషయం ఎవరూ చెప్పలేదు. ఆయన్ని మీరే మళ్లీ గ్రూపులో చేర్చేయకండి. అడక్కుండా చేర్చితే రెండోసారి అవమానం. గ్రూపులో పెద్ద క్షమాపణ లేఖ కూడా ఇప్పుడే వద్దు, ఆయన అక్కడ లేరు, చదివేది జట్లు కట్టినవాళ్లే. వెళ్లినవాళ్ల పేర్లు గ్రూపు సమాచారంలో 60 రోజులు కనబడతాయి కాబట్టి 'ఆయన వెళ్లారట కదా' అనే చర్చ ఎలాగూ నడుస్తుంటుంది. వారం దాటనివ్వకండి.

ఫోను కాదు, మనిషే వెళ్లాలి. మీతోపాటు అదే అంతస్తులో ఆయన మాట్లాడే ఇంకొకరిని తీసుకెళ్లండి, సెక్రటరీని వద్దు, కమిటీ దండెత్తినట్టుంటుంది. తప్పు ఎవరిదని మొదలుపెట్టకుండా ఒక కాగితం మీద 'కట్టారా', 'కట్టరా' పక్కపక్కన తెలుగులో రాసి, కింద ఇంగ్లీషు అక్షరాల్లో రెంటికీ ఒకటే స్పెల్లింగు రాసి చూపించండి. వాదన కన్నా కాగితం త్వరగా పనిచేస్తుంది. మెయింటెనెన్స్ మాట ఆ రోజు ఎత్తనే వద్దు.

ఆయన సరేనన్నాక లింకు పంపండి, చేరడం ఆయన చేత్తోనే జరగాలి. చేరాక గ్రూపులో మీ పేరుతో ఒకే లైను: 'ఆ రోజు నా మెసేజ్‌లో దీర్ఘం పోయి అర్థం మారింది, క్షమించండి.' వెంటనే రెండు గంటలు తాళం వేయండి, లేకపోతే కింద తీర్పులు మొదలవుతాయి. మిగతా ముగ్గురికీ విడివిడిగా ఫోను చాలు.

కరకంబాడిరోడ్డు_ట్రెజరర్

రేపు సాయంత్రం వెళ్తాం అండి. మూడో అంతస్తు గారు చెప్పిన తేదీలు ఈ నెల నుంచే పెడుతున్నాం. ప్రకటనల గ్రూపు ఆదివారం.

పుంగనూరు_పొట్టిఆవు

కాగితం మీద రాసేటప్పుడు కూడా దీర్ఘం మర్చిపోవద్దు సామీ.