మున్సిపాలిటీకి ఆర్టీఐ: ఏ కాగితం అడగాల, ఎట్లా అడగాల

టవర్‌క్లాక్_అనంత
వార్డులో వేసిన సీసీ రోడ్డు గురించి, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ల గురించి ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) వేయాల. రాసిపెట్టుకున్న ప్రశ్నలు మూడు: రోడ్డు ఇంత తొందరగా ఎందుకు పగిలింది? దానికి బాధ్యులెవరు? ట్యాంకర్లు ఈ వీధికి ఎందుకు రావు? ఇట్లనే పంపితే సరిపోతుందా? ఫీజు ఎంత, ఎవరి పేరు మీద కట్టాల?

కొండారెడ్డి_బురుజు
ఆ మూడూ కొట్టేయండన్నా. చట్టంలో సెక్షన్ 2(ఎఫ్) చెప్పే సమాచారం అంటే ఆఫీసులో ఇప్పటికే ఉన్న రికార్డు. లేని జవాబును కొత్తగా తయారుచేసి ఇవ్వాల్సిన పని లేదని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 'ఎందుకు' అని అడిగితే 'రికార్డులో లేదు' అని ఒక్క లైను రాసి పంపేస్తారు, అదీ గడువు ముగిసే ముప్పయ్యో రోజున.

కాగితం పేరు పెట్టి అడగండి. రోడ్డుకైతే ఎస్టిమేటు, టెక్నికల్ శాంక్షన్, అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు, ఎం-బుక్కులో (పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కు) ఆ పనికి సంబంధించిన పేజీలు, ఫైనల్ బిల్లు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు. అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎంతో చూడండి. ఆ గడువు లోపల పగిలితే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగు చేయాల. మీ 'బాధ్యులెవరు'కు జవాబు అక్కడే దొరుకుతుంది.

పెన్నాతీరం
వాటిలో ఒక్కటే అడగమంటే నేను ఎం-బుక్కే అంటాను. ఎస్టిమేటు వేయబోయే రోడ్డు, ఎం-బుక్కు వేసినామని చెప్పుకున్న రోడ్డు. బిల్లు పాసయ్యేది దీని మీదనే. పేజీలో పని పేరు, కొలిచిన తేదీ, కింద వరుసగా సంఖ్య, పొడవు, వెడల్పు, మందం, పరిమాణం. ఉదాహరణకు 120 మీటర్ల పొడవు, 3 వెడల్పు, 0.15 మందం అని ఉంటే 54 ఘనపు మీటర్ల కాంక్రీటు. టేపు పట్టుకుని వీధిలోకి పోతే పొడవు, వెడల్పు పది నిమిషాల్లో తేలిపోతాయి. ఆ రెండూ సరిగ్గానే ఉంటాయి, తేడా వచ్చేది మందంలో. పగిలిన అంచు దగ్గర స్కేలు నిలబెట్టి చూడండి. అంతటా 12 సెంటీమీటర్లే ఉంటే పోసింది 43.2 ఘనపు మీటర్లు, బిల్లయింది 54.

కొలిచింది ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) అయితే, పై ఇంజినీరు చెక్ మెజర్‌మెంటు (మళ్లీ కొలిచి సరిచూడటం) చేసి సంతకం పెట్టి ఉండాల. ఆ సంతకం, తేదీ కనిపించేట్టు పూర్తి పేజీ జిరాక్సు కావాలని రాయండి. లేకుంటే అంకెలు ఉన్న సగం పేజీ వస్తాది.

బుగ్గవంక
ఎం-బుక్కు విషయంలో తరచూ వచ్చే జవాబు ఒకటుంది: 'పుస్తకం అకౌంట్స్ సెక్షనుకు పోయింది, అక్కడ అడగండి.' ఇది చెల్లదు. చట్టంలో సెక్షన్ 6(3) కింద అయిదు రోజుల్లో బదిలీ చేసేది వేరే శాఖకు. ఒకే కార్పొరేషన్లో పక్క సెక్షను దగ్గరుంటే తెప్పించి ఇవ్వాల్సింది సమాచార అధికారే. 5(4), 5(5) దీనికోసమే పెట్టినారు.

ఫీజు సంగతి. కర్నూలు, అనంతపురం, కడప కార్పొరేషన్లు, ఆదోని, గుంతకల్లు, ప్రొద్దుటూరు మాదిరి మున్సిపాలిటీలు అన్నింటికీ దరఖాస్తుకు 10 రూపాయలు. మండల ఆఫీసుకు 5. గ్రామ స్థాయిలో అసలు లేదు. దరఖాస్తు మీద 10 రూపాయల కోర్టు ఫీ స్టాంపు అంటించడం అన్నిటికన్నా సుఖం. పోస్టల్ ఆర్డరైతే దాని మీద అధికారి సొంత పేరు రాయొద్దు, హోదా మాత్రమే రాయండి. ఆయన బదిలీ అయితే మీ కాగితం తిరిగి మీ ఇంటికే. జిరాక్సు పేజీకి 2 రూపాయలు. తెల్ల కార్డు ఉన్నవాళ్లు దాని నకలు జతచేస్తే ఏ ఫీజూ లేదు.

టవర్‌క్లాక్_అనంత
చేతికిచ్చేదా, పోస్టులోనా?

బుగ్గవంక
రశీదు ముద్ర వేసి ఇస్తే చేతికే. తేదీ లేని ముద్ర ముద్ర కాదు, అక్కడే నిలబడి వేయించుకోండి. 'తీసుకోం' అని వాళ్లంటే స్పీడ్ పోస్టు (రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది). డెలివరీ అయినట్టు చూపించే ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసి దాచండి, గడువు లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.

ఆదోని_పత్తి
ట్యాంకర్లకు అడగాల్సినవి వేరే. ట్రిప్ షీట్లు, వాహనం లాగ్ బుక్కు, ఆ నెల ట్యాంకర్ బిల్లు, దానికి జతచేసిన సర్టిఫికెట్. తేదీలు తప్పకుండా వేయండి: 'ఏప్రిల్ 1 నుంచి మే 31 వరకు, ఫలానా వార్డు.' 'గత పదేళ్లుగా' అని రాస్తే 7(9) చూపించి సిబ్బంది అంతా దీని మీదనే కూర్చోవాల్సి వస్తుందంటారు. నిజానికి 7(9) అడిగిన రూపంలో ఇవ్వలేకపోతే ఇంకో రూపంలో ఇవ్వమంటుంది, ఎగ్గొట్టమనదు. అట్లాంటప్పుడు రికార్డు తనిఖీ అడగండి. మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి 15 నిమిషాలకు 5 రూపాయలు. నోట్సు రాసుకోవచ్చు, కావాల్సిన పేజీలకే జిరాక్సు చెప్పుకోవచ్చు.

డ్రైవర్ల పేర్లు, కార్మికుల పేర్లు మాత్రం అడగొద్దు. వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె) 2025 నవంబరు నుంచి మారింది. వ్యక్తిగత సమాచారం అనే ఒక్క మాటతో తిరస్కరించే వీలొచ్చింది. 8(2) కింద ప్రజా ప్రయోజనం వాదించొచ్చు గానీ అది నెలల పని. ట్యాంకరు నంబరు, ట్రిప్పుల సంఖ్య, చెల్లించిన మొత్తం, ఇవి చాలు. పేరుతో మనకేం పనప్పా.

కొండారెడ్డి_బురుజు
గడువుల లెక్క. జూన్ 3న అందితే జూలై 3కు జవాబు రావాల. రాకుంటే ఆగస్టు 2 లోపు మొదటి అప్పీలు, అదే ఆఫీసులో పై అధికారికి. ఆయన 30 రోజుల్లో, కారణం రాసి అయితే 45 రోజుల్లో తేల్చాల. అదీ కాకుంటే 90 రోజుల్లో మంగళగిరిలోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఆలస్యానికి రోజుకు 250, గరిష్ఠంగా 25,000 జరిమానా వేయగలిగేది కమిషన్ మాత్రమే, మొదటి అప్పీలు అధికారికి ఆ అధికారం లేదు.

ఇక్కడ పడిపోయే గుంత ఒకటుంది. 'జిరాక్సులకు 84 రూపాయలు కట్టండి' అని గడువు లోపల లెటరొస్తే, అది పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు 30 రోజుల లెక్క ఆగుతుంది. పట్టించుకోకుండా అప్పీలుకు పోతే కొట్టేస్తారు. గడువు దాటినాక అడిగితే మటుకు కట్టొద్దు, 7(6) ప్రకారం ఉచితంగా ఇవ్వాల.

టవర్‌క్లాక్_అనంత
ఇట్లా మార్చినా: 'ఫలానా వార్డు, ఫలానా వీధి సీసీ రోడ్డు పనికి సంబంధించి అగ్రిమెంటు, ఎం-బుక్కు పూర్తి పేజీలు, ఫైనల్ బిల్లు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు. అదే వార్డుకు ఏప్రిల్ 1 నుంచి మే 31 వరకు ట్యాంకర్ ట్రిప్ షీట్లు, బిల్లులు ఇవ్వగలరు.'

పెన్నాతీరం
రెండింటినీ విడదీసి రెండు దరఖాస్తులు చేయండి, ఇంకో పది రూపాయలే కదా. ఒకదాంట్లో కలిపితే ట్యాంకర్ల కాగితాలు ఇచ్చి, మొత్తం ఇచ్చేసినామని ఫైలు మూస్తారు. ట్యాంకర్ల తేదీలకు ఏ సంవత్సరమో వేయండి. రోడ్డుకు శంకుస్థాపన పలక ఉంటే దాని మీది పని పేరు, అంచనా మొత్తం అట్లే అచ్చంగా రాయండి. వీధి పేరు ఒక్కటే రాస్తే 'అట్లాంటి పని మా రికార్డులో లేదు' అంటారు.