మణికట్టు నొప్పితో నోటుపుస్తకాలు దిద్దడం ఎలా?

గుంటూరులో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. దసరా సెలవుల తర్వాత కుడి మణికట్టులో, బొటనవేలి వైపు నొప్పి మొదలైంది. ఉదయం ఉండదు. మధ్యాహ్నం నోటుపుస్తకాలు ముందేసుకున్న పావుగంటకు పట్టేస్తుంది. బొటనవేలిని పిడికిట్లో మడిచి మణికట్టును చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం పోతుంది. సుద్దముక్క కన్నా ఎర్ర పెన్నుతోనే బాధ ఎక్కువ.

ఎముకల డాక్టర్ చూసి డి కెర్వాన్ టెనోసైనోవైటిస్ అన్నారు. బొటనవేలిని కదిలించే రెండు స్నాయుబంధనాల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) చుట్టూ ఉన్న తొడుగు మందమై, అవి అందులో ఇరుక్కుపోతాయట. బొటనవేలిని కదలనివ్వని పట్టీ, ఐసు, పూత మందు, లావు పెన్ను అన్నీ అయ్యాయి. పట్టీ ఉన్నంతసేపు హాయిగానే ఉంటుంది, కానీ దానితో పెన్ను పట్టు కుదరదు. బోర్డు మీద రాయడం పిల్లలకు అప్పగించాను. వాళ్లకు అదో సరదా. స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌తోనే తేల్చుకుంటాను, ఇక్కడ అడగడం లేదు.

చిక్కంతా దిద్దడంతోనే. లెక్కల మాస్టారిలా టిక్కు పెట్టి వదిలేయలేను. ఒత్తు పోయినచోట, దీర్ఘం తప్పినచోట, వ్యాసంలో వాక్యం తెగినచోట ఏదో ఒకటి రాయాలి. ఉత్త గీత గీస్తే సగం మంది పట్టించుకోవడం లేదు. మాటల్లో చెప్పి రికార్డు చేసి పంపుదామంటే పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు.

ఇలాంటి నొప్పితో భాషా పాఠాలు చెబుతున్నవారు, పెన్ను వాడకం బాగా తగ్గించి పిల్లల రాతను ఎలా దిద్దుతున్నారు?