సమస్య: పగిలిన గాజులె సతులకు భాగ్యంబయ్యెన్

నిర్వాహకురాలు: పోయిన వారం చండీగఢ్‌లో రాక్ గార్డెన్ చూసొచ్చాను. సైకిల్ ఫోర్కులు, విరిగిన సింకులు, కరెంటు సాకెట్లు, కుండపెంకులు... అన్నీ దాటాక వరసగా నిలబడ్డ ఆడబొమ్మలు. దగ్గరికెళ్తే ఒంటిమీద బట్టంతా పగిలిన చేతిగాజుల ముక్కలే! ఎండ తగిలి ఎరుపూ ఆకుపచ్చా మెరుస్తుంటే అక్కణ్నుంచి కదల్లేకపోయాను. మా అమ్మమ్మ గాజు "పగిలింది" అననిచ్చేదే కాదు. ఈ పాదం అక్కడే తట్టింది. దీన్నే చివరి పాదంగా పెట్టి, అర్థం కుదిరేలా కందపద్యం అల్లాలి. కానివ్వండి.

గోదారిగట్టు:
నగరపు చెత్తను మూటగ
జగమెఱుగని నేకుచందు జతగూర్చంగన్
ధగధగ మెఱసెడి చీరగ
పగిలిన గాజులె సతులకు భాగ్యంబయ్యెన్

"జగమెఱుగని" ఊరికే వేసింది కాదండీ. ఆ రాక్ గార్డెన్ చేసిన నేక్ చంద్ రోడ్ ఇన్‌స్పెక్టరు. కట్టడాలు నిషేధించిన అడవి నేలలో దాదాపు 18 ఏళ్లు ఎవరికీ తెలియకుండా బొమ్మలు చేశాడు. 1975లో అధికారుల కంటబడితే కూల్చేస్తారనే అనుకున్నారు. కూల్చలేదు సరికదా, 1976లో జనానికి తలుపులు తెరిచారు.

ఓరుగల్లు పిల్ల: ధార బాగుంది అన్నయ్యా, "ధగధగ" దగ్గర ప్రాస కోసం వెతుక్కున్నట్టే లేదు. కానీ ఆ సతులు బొమ్మలని పద్యంలో ఎక్కడుంది? నిర్వాహకురాలి మాట చదవనివాళ్లు నిజం ఆడవాళ్లే అనుకుంటారు. అప్పుడు సమస్య విడలేదు కదా. నాది:

బిగువగు సిమెంటు మేనులఁ
దగ నతికిన బొమ్మలపయిఁ దళుకుల నీనన్
మగఁడన్న మాట లేకయె
పగిలిన గాజులె సతులకు భాగ్యంబయ్యెన్

నిర్వాహకురాలు: మూడో పాదం! గాజులు పగలడం ఎందుకు అశుభమో ఆ ఒక్క మాటతో తీసి పక్కన పెట్టేశావు. నాకు కావలసింది ఇదే.

మాస్టారు: బాగుందమ్మా. నేను బొమ్మల జోలికి పోలేదు.

సెగలోఁ గరఁగిన ముక్కలు
మగువల చేతికిఁ బనులయి మనుగడ నిచ్చెన్
అగపడు ఫిరోజబాదున
పగిలిన గాజులె సతులకు భాగ్యంబయ్యెన్

ఉత్తరప్రదేశ్‌లోని ఆ గాజుల ఊళ్లో విరిగిన గాజులు మళ్లీ కొలిమికెక్కి కొత్త గాజులవుతాయి. గాజు కొసలు దీపం సెగ మీద అతికే పని ఇళ్లలో ఆడవాళ్లు చేస్తారు. గాజు పగిలితేనే వాళ్ల పొయ్యి వెలిగేది.

గోదారిగట్టు: భావానికి నమస్కారం మాస్టారూ. కానీ ఊరు ఫిరోజాబాదు. "జా" దీర్ఘం మింగేశారు. గణం కోసం ఊరి పేరు కురచ చేయొచ్చా? "సొగసు ఫిరోజాబాదున" అంటే గణమూ నిలుస్తుంది, ఊరూ నిలుస్తుంది.

మాస్టారు: ఒప్పుకున్నాను, దిద్దుకుంటాను. అయితే దీర్ఘం గురించి చెబుతున్న తమరే పోయిన నెల ఒక పాదంలో "అంట", మరో పాదంలో "పాట" పెట్టి ప్రాస అన్నారు. ప్రాస అంటే పాదాల్లో రెండో అక్షరం కలవడం, దాని ముందు సున్న ఒకచోట ఉంటే నాలుగు పాదాల్లోనూ ఉండాలని ఆ రోజే చెప్పాను, ఇవాళ్టికీ దిద్దలేదు.

గోదారిగట్టు: ఆ రాత్రే దిద్దాను మాస్టారూ, మీరు మళ్లీ చూడలేదు. ఆ పద్యానికి మీ మెప్పు కోసం మూడు రోజులు ఎదురుచూశాను.

మాస్టారు: ఇప్పుడు చూశాను. "వంట" చక్కగా కుదిరింది. అప్పుడే అనాల్సిన మాట, ఆలస్యమైంది.

ఓరుగల్లు పిల్ల: ఇద్దరూ పాత నెలలోకి వెళ్లిపోయారు, నా ప్రశ్న ఇక్కడే ఉంది అన్నయ్యా. సతులెవరు?

గోదారిగట్టు: నీ మాటే నిజం తల్లీ. "మూటగ" తీసేసి "బొమ్మగ" వేశాను:

నగరపు చెత్తను బొమ్మగ
జగమెఱుగని నేకుచందు జతగూర్చంగన్

మిగతాది అలాగే. ఒక్క మాట మారింది, గణం కదల్లేదు.

మాస్టారు: ఇప్పుడు పద్యం తన కాళ్ల మీద నిలబడింది. పైగా "నగరపు చెత్త" ఎంత నిజమో! కొత్త చండీగఢ్ కోసం ఖాళీ చేయించిన ఊళ్ల శిథిలాలే కదా ఆయన మోసుకెళ్లినవి. ఎవరింట్లో పగిలిన గాజులో అవి.

నిర్వాహకురాలు: మాస్టారూ, ఆ చివరి మాటను మీరే కందంలో పెట్టండి. రేపటిదాకా ఈ సమస్య మూయను.