మొదటి కవితల పుస్తకం మీద షాపులో మాట్లాడమన్నారు, అమ్మ ముందు ఎలా చదవాలి?

లంకపిల్ల:
నమస్కారమండి. ముమ్మిడివరం దగ్గర లంకలో పుట్టాను, ఇప్పుడు కాకినాడలో ఉద్యోగం. సొంత డబ్బులతో 300 కాపీలు వేయించాను, పుస్తకం మొత్తం నాన్న అమ్మని కొట్టిన రోజుల గురించే. రాజమండ్రిలో ఓ పుస్తకాల షాపాయన చదివి, ఓ సాయంత్రం గంటసేపు కూర్చుని చదివి మాట్లాడండి అన్నారు, సరే అనేశాను, ఇప్పుడు నిద్ర పట్టట్లేదు. అమ్మ వస్తానంటోంది. నాన్న పోయి 6 ఏళ్లయింది కానీ పెదనాన్న ఫోన్ చేసి ఇంటి గుట్టు లంకకి చేటని తెలీదా అన్నాడు (మాది నిజంగానే లంక, అది ఆయనకి తట్టినట్టు లేదు). అసలు కవిత 1996 తుపాను వచ్చిన చలికాలంది, నాకప్పుడు 10 ఏళ్లు, కొబ్బరి దింపు డబ్బులు (కాయలు దింపి అమ్మినవి) చేతికొచ్చి నాన్న తాగొచ్చిన రాత్రి. అది చదవకపోతే పుస్తకమే లేదు, చదివితే అమ్మ మొహం చూడాలి. ఏం చెయ్యమంటారు?

కొబ్బరాకు:
అమలాపురంలో ఒకసారి మా అక్క మీద రాసింది చదివానండి. బావ తలుపుకేసి కొట్టిన లైను దగ్గర హాలంతా చప్పట్లు. బాగా రాశానని కొట్టారు, తెలుసు, కానీ ఆ దెబ్బకి కొట్టినట్టే వినబడింది, అక్క లేచెళ్లిపోయింది. మధ్యలో చప్పట్లు వద్దని ముందే చెప్పించండి. అమ్మగారికి ఇంట్లోనే చదివేయండి, ఆవిడ మొదటిసారి నలుగురిలో వినకూడదు.

పాతపేపరు:
అమ్మాయ్, శాలువాలూ ఐదుగురు వక్తలూ లేకుండా పిలిచాడు చూడు, ఆ షాపాయనకో దండం. మన సభల్లో కవికి మైకు దొరికేసరికి జనం లాస్ట్ బస్సుకి పోతారు. ఒకటి మాత్రం ఖాయం, ఎవడో లేచి ఇదంతా నిజంగా జరిగిందా అంటాడు. 1993లో ఓల్గా గారి సంపాదకత్వంలో నీలిమేఘాలు అని స్త్రీవాద కవితల సంకలనం వచ్చిన రోజుల్లోనూ కవిత్వం వదిలేసి వాళ్ల కాపురాలు తవ్వినవాళ్లని చూశాను. జవాబు ఇంట్లోనే అనుకుని రా, అక్కడికక్కడ వెతుక్కుంటే ఉన్నదానికన్నా ఎక్కువో తక్కువో చెప్పేస్తాం.

రేవుగట్టు:
పర్మిషన్లు అడుగుతూ కూర్చుంటే పుస్తకాలు రావండి. అచ్చేశారుగా, చదివేయండి.

సంఘం అక్క:
అయిపోయాక సంగతి ఎవరూ చెప్పట్లేదేంటి. సంతకం కోసమని వచ్చి ఓ ఆవిడ మెల్లిగా మా ఇంట్లోనూ ఇంతేనండి అంటది, నేను ఆడవాళ్ల మధ్యే పని చేస్తా, ఇది జరిగి తీరుద్ది. అప్పుడు కవిత్వం మాట్లాడకండి. 181 ఆడవాళ్ల హెల్ప్‌లైన్, చీటీల మీద రాసి పెట్టుకోండి. 2005 గృహహింస చట్టంలో దెబ్బలే కాదు తిట్లు, డబ్బులివ్వకుండా ఏడిపించడం కూడా హింసే, పెళ్లామే కాదు తల్లీ చెల్లీ కూడా కేసు పెట్టొచ్చు, చాలామందికి తెలీదు.

లంకపిల్ల:
ఆదివారం ఊరెళ్లి చదివేశా. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూనే వింది, చెయ్యి ఆపలేదు. అయ్యాక "దింపు డబ్బులంటావేంటే, గాలివానకి చెట్లన్నీ పడిపోతే దింపెక్కడిది, అవి పడ్డ చెట్లకి గవర్నమెంటోళ్లిచ్చిన డబ్బులు" అంది. 300 కాపీల్లోనూ తప్పే పడింది. పెన్నుతో దిద్దనా అంటే "దిద్దు, అక్కడ మాత్రం సరిగ్గా చదువు" అంది. పెదనాన్న సంగతెత్తితే ఆ రాత్రి ఆయన అరుగు మీదే ఉన్నాడంది, అది నాకు ఇన్నాళ్లూ తెలీదు. శనివారం ఇద్దరం రావులపాలెం మీదుగా బస్సులో వస్తున్నాం. చప్పట్ల గురించి షాపాయనకి చెప్పేశానండి, చీటీలు కూడా రాశా.