క్రైస్తవుల మీద హింస: నిజంగా మతం కోసమేనా?

గోధుమగింజ
ఇంకో చర్చలో ఒక సభ్యుడు "ప్రపంచంలో అందరికంటే పెద్ద మతం వాళ్లది, వాళ్లనెవరు హింసిస్తారు" అని రాశారు. అక్కడ జవాబిస్తే అసలు విషయం పక్కదారి పడుతుందని ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నాను.

క్రైస్తవులు రెండు వందల కోట్ల పైన ఉన్నమాట నిజం. అందరూ ఒకచోట లేరు కదా. 2014 జూలైలో ఇరాక్‌లోని మోసుల్‌లో ఐసిస్ వాళ్లు క్రైస్తవుల ఇళ్ల గోడల మీద 'నూన్' అనే అరబ్బీ అక్షరం రాశారు. నస్రానీ అంటే క్రైస్తవుడు, ఆ మాటకి అది మొదటి అక్షరం. మతం మారాలి, లేదా జిజియా (ముస్లిమేతరుల మీద వేసే పన్ను) కట్టాలి, లేదా ఊరు వదలాలి, ఏదీ కాకపోతే చావాలి. గడువు పెట్టి మరీ చెప్పారు. దాదాపు అందరూ కట్టుబట్టలతో వెళ్లిపోయారు. 2003కి ముందు ఇరాక్‌లో పది లక్షల పైన ఉన్న క్రైస్తవులు ఇప్పుడు రెండున్నర లక్షల లోపే అని అంచనా. 2015 ఫిబ్రవరిలో లిబియా తీరంలో 21 మంది కూలీలను వరసగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి గొంతులు కోసి, ఆ వీడియో విడుదల చేశారు. అందులో 20 మంది ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవులు, ఒకరు ఘనా మనిషి.

క్రైస్తవుల మీద హింసని లెక్కగట్టే ఓపెన్ డోర్స్ సంస్థ 2024 నివేదిక ప్రకారం 36.5 కోట్ల మంది క్రైస్తవులు తీవ్రమైన హింస, వివక్షల మధ్య బతుకుతున్నారు. అంటే ప్రతి ఏడుగురిలో ఒకరు. దీన్ని హింస అనకూడదంటే మరి ఏమనాలో చెప్పండి.

లెక్కతేలాలి
గోధుమగింజ గారూ, మోసుల్, లిబియా సంగతులు ఎవరూ కాదనరు. నా అభ్యంతరం ఆ 36.5 కోట్ల మీద. ఆ సంస్థ ఒక్కో దేశానికి మార్కులు వేస్తుంది. ఆ అంకె అక్కడ నుంచి వస్తుంది. అందులో జైల్లో ఉన్నవాడూ ఉంటాడు, చర్చి కట్టడానికి అనుమతి ఆలస్యమైనవాడూ ఉంటాడు. "హింస, వివక్ష" అని రెండు మాటలు కలిపి ఒక్క అంకె చెప్తే, చదివేవాళ్లకి మొదటి మాటే గుర్తుంటుంది.

ఇలాంటిదే ఇంకోటి ఉంది. ఏటా లక్ష మంది క్రైస్తవులు విశ్వాసం కోసం చనిపోతున్నారని చాలాకాలం ప్రచారం జరిగింది. 2013లో బీబీసీ వాళ్లు ఆ లెక్క ఎక్కడ పుట్టిందో వెతికారు. పదేళ్లలో 10 లక్షల మంది హతసాక్షులని (విశ్వాసం కోసం చనిపోయినవాళ్లని) అమెరికాలోని ఒక అధ్యయన కేంద్రం అంచనా వేసింది. అందులో 9 లక్షలు కాంగో అంతర్యుద్ధంలో చనిపోయినవాళ్లు. ఆ యుద్ధంలో చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ ఎక్కువమంది క్రైస్తవులే. దాన్ని విశ్వాసం కోసం మరణం అంటే ఎలా?

గోధుమగింజ
లక్ష అని నేను రాయలేదు. నేను రాయని అంకెకి నన్ను జవాబు అడగకండి.

మీకు చిన్న అంకె కావాలంటే అదే నివేదికలో ఉంది. విశ్వాసం కారణంగా ఆ ఏడాది చంపబడినవాళ్లు 4,998. అందులో 4,118 మంది ఒక్క నైజీరియాలోనే.

నీటిచాలు
ఒడిశాలో కందమాల్ 2008 దాడుల సంగతి ఎందుకు రాయలేదు?

నిర్వాహకులు
దానికి వేరే చర్చ నడుస్తోంది. దయచేసి అక్కడ రాయండి. ఇక్కడ ఇతర దేశాల సంగతే.

లెక్కతేలాలి
నైజీరియా పేరు మీరే ఎత్తారు కాబట్టి చెప్తాను. బెన్యూ, ప్లేటో రాష్ట్రాల్లో గొడవ పశువుల కాపరులకీ రైతులకీ మధ్య. ఉత్తరాన ఎడారి పెరిగి, మేత తగ్గి ఫులానీ కాపరులు మందల్ని దక్షిణానికి తోలుకొస్తున్నారు. అక్కడ సాగు భూమి పెరిగింది, పాత పశువుల దారులు మూసుకుపోయాయి. కాపరులు ముస్లింలు, రైతులు ఎక్కువమంది క్రైస్తవులు. శవాన్ని మతం పేరుతో లెక్కపెట్టడం తేలిక. కారణం మతమేనని అంత తేలిగ్గా చెప్పలేం. ఉత్తర నైజీరియాలో బోకో హరామ్ అనే తీవ్రవాద సంస్థ ముస్లింలనూ వేల సంఖ్యలో చంపింది. 2014 నవంబరులో కానో పెద్ద మసీదులో శుక్రవారం నమాజు వేళ వంద మందికి పైగా చనిపోయారు. వాళ్లు ఏ నివేదికలో ఉన్నారు?

గడియారం
రెండూ నిజమే కావచ్చు కదా? భూమి కోసం మొదలైన గొడవ మతం గొడవగా ముగియకూడదని లేదు.

గోధుమగింజ
గడియారం గారు చెప్పింది ఒప్పుకుంటాను. లెక్కతేలాలి గారు మాత్రం ఒప్పుకోరు. ఆయనకి ప్రతిదాని వెనకా మేత కనిపిస్తుంది. 2022 జూన్ 5న నైజీరియాలోనే ఓవో అనే ఊళ్లో కేథలిక్ చర్చి మీద దాడి జరిగింది. పెంతెకొస్తు పండుగ ఆదివారం ఆరాధనలో ఉన్నవాళ్లని 40 మంది దాకా కాల్చి చంపారు. ఆ చర్చిలో ఏ పశువుల దారి ఉంది?

2018 ఫిబ్రవరిలో నైజీరియాలోనే దాప్చీ బడి నుంచి 110 మంది ఆడపిల్లల్ని ఎత్తుకుపోయారు. నెల తర్వాత బతికున్నవాళ్లని దాదాపు అందరినీ వదిలేశారు. లియా షరీబు అనే పిల్లని మాత్రం ఉంచేసుకున్నారు. క్రీస్తుని విడిచిపెట్టనంది కాబట్టి. అప్పటికి ఆమెకి 14 ఏళ్లు. మిగతా పిల్లలు ఇంటికి వచ్చి లియా అమ్మకి చెప్పిన మాట ఇది. ఇందులో భూమి ఎక్కడుందో చూపించండి.

ఒంటరితాటి
నేను పదకొండేళ్లు ఒక గల్ఫ్ దేశంలో పనిచేశాను. మేమున్న చోట చర్చి లేదు. శుక్రవారం పొద్దున ఒకరి గదిలో పన్నెండు మంది చేరేవాళ్లం. కిటికీలు మూసి, పాట గొంతులోనే పాడుకునేవాళ్లం. ఎవరూ మమ్మల్ని కొట్టలేదు, జైల్లో పెట్టలేదు. కానీ ఆ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా గొంతు విప్పి పాడలేదు. సెలవు మీద వచ్చినప్పుడు చర్చిలో అందరూ పాడుతుంటే నాకు గొంతు రాలేదు. అది మీ లెక్కల్లో ఎక్కడ వేస్తారో వేసుకోండి, లెక్కతేలాలి అన్నా. నాకైతే చిన్న విషయం కాదు.

లెక్కతేలాలి
ఒంటరితాటి తమ్ముడూ, అది చిన్న విషయమని నేను అనను. అయితే దాన్ని లియాతో ఒకే అంకెలో కలపొద్దు అంటున్నాను. కలిపితే లియాకే అన్యాయం.

సుధ_చదువరి
అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2020 సంవత్సరానికి ఇచ్చిన లెక్క ఇది. క్రైస్తవులు వేధింపులు ఎదుర్కొన్న దేశాలు 155, ముస్లింలు 145, యూదులు 94. అక్కడ కూడా వేధింపు అంటే మాటల దాడి నుంచి హత్య దాకా అన్నీ. ఎన్ని దేశాల్లో జరిగిందో చెప్తుంది గానీ ఎంత ఘోరంగా జరిగిందో చెప్పదు. పైగా క్రైస్తవులు, ముస్లింలు ఎక్కువ దేశాల్లో ఉన్నారు కాబట్టి ఎక్కువ దేశాల్లో వేధింపు కనిపిస్తుంది. ఇద్దరూ ఈ అంకెని వాడుకోవచ్చు, ఇద్దరికీ పూర్తిగా ఉపయోగపడదు.

ఇరాన్ చూడండి. అక్కడ ఆర్మీనియన్, అస్సిరియన్ క్రైస్తవులకి పార్లమెంటులో ప్రత్యేక సీట్లున్నాయి. వాళ్ల చర్చిలు వాళ్లవి. ముస్లిం ఇంట్లో పుట్టి క్రీస్తుని నమ్మినవాళ్లు మాత్రం ఇంట్లో నలుగురితో కలిసి ప్రార్థన చేసినా 'దేశ భద్రతకి ముప్పు' అని జైలుకి పోతారు. ఒకే దేశం, ఒకే మతం, రెండు బతుకులు. "ఇరాన్‌లో క్రైస్తవుల పరిస్థితి" అని ఒక్క వాక్యంలో రాయడం కుదరదు.

గడియారం
నాదొక ప్రశ్న. హింసించేవాళ్లు కూడా క్రైస్తవులమని చెప్పుకునేవాళ్లే అయితే? నికరాగువాలో కేథలిక్కులే ఎక్కువ. అక్కడ ఒర్తేగా ప్రభుత్వం 2023లో బిషప్ అల్వారెజ్‌కి 26 ఏళ్ల జైలు శిక్ష వేసి, మరుసటి ఏడాది దేశం నుంచి పంపేసింది. రష్యాలో 2017 నుంచి యెహోవా సాక్షులు అనే మత సంఘం నిషేధిత సంస్థ. ఇళ్లలో బైబిలు చదువుకున్నందుకు జైల్లో ఉన్నారు. వీళ్లని లెక్కలోకి తీసుకుంటారా?

గోధుమగింజ
బిషప్‌ని తప్పకుండా తీసుకుంటాను. యెహోవా సాక్షుల సంగతి వేరు. వాళ్లు త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే అన్న నమ్మకాన్ని) ఒప్పుకోరు. మా సంఘాలు వాళ్లని క్రైస్తవులుగా ఎంచవు.

సుధ_చదువరి
అక్కా, ఈ ఒక్క మాట దగ్గర ఆగండి. పోలీసులు తలుపు కొట్టినప్పుడు ముందు సిద్ధాంతం అడిగి, ఆ తర్వాత బాధపడతామా?

లెక్కతేలాలి
నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే. మీకు కావాల్సింది మత స్వేచ్ఛ కాదు, మీవాళ్ల పట్టిక. పాకిస్తాన్‌లో తాము ముస్లింలమే అని చెప్పుకునే అహ్మదీలు తమ ప్రార్థన స్థలాన్ని మసీదు అంటే 1984 నుంచి నేరం. చైనాలో వీగర్ ముస్లింలని లక్షల సంఖ్యలో నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. మోసుల్ ఉన్న ప్రాంతంలోనే, సింజార్‌లో, యజీదీ అనే చిన్న మతానికి చెందిన స్త్రీలని సంతలో అమ్మారు. వాళ్లకి జిజియా కట్టే వీలు కూడా ఇవ్వలేదు. మీ మొదటి పోస్టులో మోసుల్ ఉంది, సింజార్ లేదు.

ఇంకో మాట. "శ్రమలు" (విశ్వాసం కోసం పడే బాధలు) అనే మాట మీ వాళ్ల నోట్లో ఎంత తేలిగ్గా వస్తుందో నాకు బాగా తెలుసు.

గోధుమగింజ
"మీ వాళ్లు" ఎవరు? నేను ఏం చేశాను మీకు? మూడు రోజుల నుంచి ప్రతి శవానికీ రసీదు అడుగుతున్నారు. ఒంటరితాటి గారు తన బాధ చెప్పుకుంటే దాన్నీ తూకం వేశారు. మీకు కళ్లముందు మనిషి కనిపించడు, అంకె తప్పయితే చాలు సంతోషం.

నాతో ఒక ఆసుపత్రిలో పాకిస్తానీ నర్సు పనిచేసేది. 2023 ఆగస్టులో పాకిస్తాన్‌లోని జరన్‌వాలాలో చర్చిలు, ఇళ్లు తగలబెట్టిన రోజు రాత్రి ఆమె నైట్ డ్యూటీలో ఉంది. అమ్మానాన్నలు పొలాల్లో దాక్కున్నారు. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. తెల్లారేదాకా ఆ పిల్ల సెలైన్లు మారుస్తూనే ఉంది, ప్రతి పది నిమిషాలకీ ఫోన్ చూసుకుంటూనే ఉంది. ఇరవైకి పైగా చర్చిలు కాలిపోయాయని తర్వాత తెలిసింది. ఖురాన్‌ని అవమానించారన్న ఒక్క పుకారు చాలింది. అక్కడ మార్కులు ఎవరు వేశారు అని ఆమెని అడగమంటారా?

నిర్వాహకులు
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. వ్యక్తిగత మాటలు వద్దు.

లెక్కతేలాలి
సరే, నా సంగతి కూడా చెప్తాను. నేను ఇరవై ఏళ్లు ఒక సంఘంలో ఉన్నాను. మా నాన్న దశమభాగం (ఆదాయంలో పదోవంతు కానుక) ఒక్క నెల కూడా తప్పలేదు. ఒకసారి భవనం కోసం పోగైన కానుకల లెక్క చూపించమని అడిగాను. గట్టిగా కూడా అడగలేదు. వచ్చే ఆదివారం ప్రసంగం శ్రమల మీద. ఇరాక్ వీడియోలు చూపించారు, అందరూ ఏడ్చారు. చివర్లో సంఘ కాపరి (పాస్టర్) గారు "సంఘాన్ని హింసించేవాళ్లు బయటే ఉండరు, లోపలా ఉంటారు" అని నా వైపు చూశారు. ఆ తర్వాత మా ఇంటికి ఎవరూ రాలేదు. మా నాన్న అంత్యక్రియల ప్రార్థనకి పక్క సంఘం నుంచి కాపరిని పిలిపించుకున్నాం.

అందుకే నేను అంకెలు అడుగుతాను. మోసుల్‌లో జరిగిన ఘోరాన్ని చూపించి ఇక్కడ ఒక మనిషి నోరు మూయించారు. ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది.

ఒంటరితాటి
అన్నా, ఇది ముందే చెప్పాల్సింది.

గోధుమగింజ
నిన్నంతా ఏమీ రాయలేకపోయాను.

మీకు జరిగింది తప్పు. దానికి శ్రమలు అనే మాట వాడటం ఇంకా పెద్ద తప్పు. నిజంగా శ్రమ పడుతున్నవాళ్ల పేరు చెప్పి చేశారు కాబట్టి. యెహోవా సాక్షుల గురించి నేను రాసింది కూడా వెనక్కి తీసుకుంటున్నాను, సుధ అడిగింది న్యాయమే. సిద్ధాంతం దగ్గర వాళ్లతో నాకు తేడా అలాగే ఉంది, కానీ జైలు దగ్గర ఆ తేడా తేకూడదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. మీ కాపరి ఇవ్వాల్సిన లెక్క మీరు నైజీరియాలో తల్లుల్ని అడుగుతున్నారు. వాళ్ల దగ్గర ఆ లెక్క లేదు.

లెక్కతేలాలి
ఆ చివరి మాట గురించి ఆలోచిస్తాను.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఒక ఊరు ఎందుకు తగలబడిందో తప్పుగా చెప్పుకుంటే, మళ్లీ తగలబడకుండా ఆపలేం. బెన్యూలో పశువుల దారుల సంగతి తేల్చకుండా "ఇది మత యుద్ధం" అంటే, రెండు వైపులా తుపాకులు అమ్ముకునేవాళ్లకి అదే కావాలి. నా భయం ఇదీ. లియా విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు. అది మతం కోసమే.

సుధ_చదువరి
పాకిస్తాన్‌లో ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలీ కేసు మీ ఇద్దరికీ పనికొస్తుంది. 2009లో గొడవ మొదలైంది నీళ్ల దగ్గర. ఆమె తాగిన గ్లాసు తాము ముట్టుకోమన్నారు తోటి కూలీలు. అందులో అంటరానితనం ఉంది, పేదరికం ఉంది. కానీ ఆ గొడవని ఉరిశిక్ష దాకా తీసుకెళ్లింది దైవదూషణ చట్టం. ఎనిమిదేళ్లు మరణశిక్ష కింద జైల్లో ఉంచి 2018లో నిర్దోషి అన్నారు. ఆమె తరఫున మాట్లాడినందుకు 2011లో అక్కడి పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ని సొంత అంగరక్షకుడే చంపాడు. ఆయన ముస్లిం. రెండు నెలలకి కేంద్రమంత్రి షాబాజ్ భట్టీని చంపారు. ఆయన క్రైస్తవుడు. కారణం ఒకటే అని ఎవరూ తేల్చలేరు. చట్టం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

మట్టిదీపం
నేను మొదటి నుంచీ చదువుతున్నాను, ఎప్పుడూ రాయను. ఇన్ని పోస్టుల్లో ఆఫ్రికాలోని ఎరిట్రియా పేరు ఒక్కసారి కూడా రాలేదు. అక్కడ భూమి గొడవ లేదు, రెండు మతాల మధ్య యుద్ధం లేదు. జనాభాలో దాదాపు సగం క్రైస్తవులే. 2002లో ప్రభుత్వం నాలుగు మత సంస్థలు తప్ప మిగతావన్నీ మూసేయమంది. ఆర్థడాక్స్, కేథలిక్, లూథరన్, సున్నీ ఇస్లాం. పెంతెకొస్తు శాఖ క్రైస్తవుల్ని ఇంట్లో ప్రార్థన చేసుకుంటుంటే పట్టుకెళ్లి ఓడల్లో సరుకు వేసే ఇనప కంటైనర్లలో పెట్టారు. పగలు అవి పొయ్యిలా కాలతాయి, రాత్రి గడ్డకడతాయి. అనుమతి ఉన్న ఆర్థడాక్స్ సంఘానికి పెద్ద, పేట్రియార్క్ అంతోనియోస్, ఆ ప్రభుత్వం సంఘం పనుల్లో తలదూర్చడాన్ని ఒప్పుకోలేదు. ఆయన్ని పదవి నుంచి దించి 2007 నుంచి ఇంట్లోనే నిర్బంధంలో ఉంచారు. 2022 ఫిబ్రవరిలో ఆ నిర్బంధంలోనే చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 94.