మూడో నెలలోనే డబ్బాపాలు: తప్పు తల్లిదేనా?

పర్లాకిమిడి కోడలు:
మా వీధిలో ఒక బాలింత మూడో నెలలోనే డబ్బాపాలు మొదలుపెట్టిందని అందరూ ఆమెనే ఆడిపోసుకుంటున్నారు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న మాట నిజమే. కానీ ఆమెకు పాలు చాలడం లేదని తేల్చింది అత్తగారు, డబ్బా కొని తెచ్చింది భర్త. మాట పడుతున్నది మాత్రం ఆమె. ఇదేం న్యాయం?

బరంపురం వాసి:
అన్నిటికీ అత్తగార్లనే అనకండి. నా బిడ్డకు ముర్రుపాలు పారబోయకుండా పట్టించింది మా అత్తగారే. రెండేళ్ళలోపు పిల్లల పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదని 1992 నాటి చట్టానికి 2003లో చేసిన సవరణ చెబుతోంది. అయినా చదువుకున్న తల్లులే సీసా సులువని దానివైపు వెళ్తున్నారు. వారి బాధ్యత ఏమీ లేదా?

రాయగడ నర్సు:
బాధ్యత సంగతి సరే, పాలు ఎందుకు తగ్గుతాయో చూడండి. బిడ్డ ఎంత చీకితే అంత పాలు పడతాయి. సాయంత్రం బిడ్డ ఏడవగానే ఆకలని సీసా పెడతారు. కడుపు నిండిన బిడ్డ రొమ్ము పట్టదు, పాలు నిజంగానే తగ్గుతాయి. అప్పుడు "చూశారా, చాలడం లేదు" అంటారు. సిజేరియన్ అయితే మొదటి గంటలో బిడ్డను తల్లికి అందించేవారే ఉండరు. పైగా పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు కూడా తగ్గించి ఇచ్చే ఇళ్ళు ఇంకా ఉన్నాయి! మూడో నెలలోనో ఐదో నెలలోనో పుట్టింటి నుంచి అత్తవారింటికి వస్తుంది. సరిగ్గా అప్పుడే వంటా చాకిరీ మీద పడి, కుదురుగా కూర్చుని పాలిచ్చే తీరిక పోతుంది.

గుణుపురం:
కూలికి వెళ్ళే తల్లుల మాట ఎవరూ ఎత్తడం లేదు. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచారు, సంతోషం. రోజు కూలికి సెలవెక్కడిది? మమత పథకాన్ని ఒడిశా 2011లో తెచ్చింది ఇలాంటివారికి పోయిన కూలిలో కొంతైనా ఇవ్వాలనే. అప్పట్లో ఇచ్చింది 5,000 రూపాయలు. దానితో ఆరు నెలలు ఇంట్లో ఎలా కూర్చోగలరు? బిడ్డను అవ్వ దగ్గర వదిలి వెళ్తే, ఆ అవ్వ ఏం పట్టాలి?

పర్లాకిమిడి కోడలు:
బరంపురం వారూ, మీ అత్తగారి మంచితనం మీ అదృష్టం. ఆ మంచి మాట కూడా నిర్ణయం ఇంటి పెద్ద చేతిలో ఉందనే చెబుతోంది. ఇంకొక సంగతి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మాలాంటి కోడళ్ళలో చాలామందికి ఒడియా చదవడం రాదు. అంగన్‌వాడీలో ఇచ్చిన కార్డు ఇంట్లో వేరెవరో చదివి, తమకు తోచినంత చెబుతారు. నర్సు గారూ, మీ వైపు కాన్పు వార్డులో అత్తగారినీ భర్తనూ కూడా కూర్చోబెట్టి తెలుగులో చెబుతున్నారా? చెబుతుంటే ఎలాగో రాయండి, మా అంగన్‌వాడీ అక్కను అడుగుతాను.